మెట్ల కింది మెయిన్ స్విచ్చి

మారేడ్‌పల్లిలోని మా ఇల్లు తాత కట్టించింది. కింద నాన్న, అమ్మ, నేను ఉంటాం. పైన బాబాయి ఒక్కడే ఉంటాడు. ఆయన పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే క్రిస్మస్‌కొక కారణం, ఈస్టర్‌కొక కారణం చెప్పేవాడు. రెండు అంతస్తులకూ కలిపి మొన్న మొన్నటి దాకా ఒకటే కరెంటు మీటరు, ఒకటే మెయిన్ స్విచ్చి. రెండూ వరండా పక్కన మెట్ల కింద ఒక చెక్క పెట్టెలో ఉండేవి. వీధి స్తంభం నుంచి రెండు తీగలు డాబా మీది ఇనప గొట్టంలోకి దిగి, అక్కడి నుంచి ఆ పెట్టెలోకి వచ్చేవి. వాటిని లాగిన కాలంలో ఇంట్లో కొన్ని బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక రేడియో ఉండేవట. తర్వాత ఫ్రిజ్జు, మోటరు, మిక్సీ, ఇస్త్రీ పెట్టె, వాషింగ్ మెషీను, పైనొక గీజరు, కిందొక గీజరు వచ్చి చేరాయి. తీగలు మాత్రం ఆ రెండే.

ఒకేసారి రెండు బరువైన సామాన్లు వేస్తే ఫ్యూజు ఎగిరిపోయేది. అందుకని తాత కాలంలోనే ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నారు. గీజరు గానీ మోటరు గానీ ఇస్త్రీ పెట్టె గానీ వేసే ముందు మెట్ల దగ్గరికొచ్చి అరవాలి. పైనుంచి "గీజర్ వేస్తున్న" అని వినబడితే, కింద ఏమీ నడవడం లేదనుకుంటే "వేస్కో" అనాలి. నడుస్తుంటే "ఆగు, మోటర్ నడుస్తుంది" అనాలి. పనైపోయాక "ఆపిన" అని మళ్లీ అరవాలి. మా ఇంట్లో పుట్టిన పిల్లలకు అమ్మా, నాన్నా తర్వాత నోరు తిరిగే మాట "వేస్కో". పెళ్లై అత్తగారింటికి పోయిన కొత్తలో నేను మిక్సీ వేయబోతూ వంటింట్లోంచి గట్టిగా అరిచాను. మా అత్తగారు ఏం కాలిందో అని హాల్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఆ పెళ్లి ఎక్కువ కాలం నడవలేదు. దానికి మిక్సీ కారణం కాదు, ఆ సంగతి ఇక్కడ అనవసరం కూడా. తిరిగొచ్చి మళ్లీ మా అరుపుల ఇంట్లోనే పడ్డాను.

ఈ అరుపుల గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. మా నాన్నకూ బాబాయికీ మధ్య మిగిలిన మాటలు అవే. నేను డిగ్రీ చదివే రోజుల్లో వాళ్లిద్దరికీ చెడింది. అన్నదమ్ములన్నాక ఆస్తి కోసమో, గోడ కోసమో కొట్టుకుంటారు. వీళ్లు బాప్తిస్మం కోసం కొట్టుకున్నారు.

మాది తాతల నాటి క్రైస్తవ కుటుంబం. తాత మిషన్ బడిలో పంతులు. మా గుడిలో పసిపిల్లల నెత్తిన నీళ్లు చిలకరించి బాప్తిస్మం ఇస్తారు. నాన్నకూ బాబాయికీ అలాగే అయింది. రైల్వే ఆఫీసులో పనిచేసే మా బాబాయి ఉన్నట్టుండి ఏ.ఎస్. రావు నగర్ వైపున్న ఒక కొత్త సంఘానికి పోవడం మొదలుపెట్టాడు. అక్కడ డ్రమ్ములు, గిటార్లు, చప్పట్లు. వాళ్ల లెక్కలో చిలకరిస్తే సరిపోదు, మనిషికి తెలివొచ్చాక నిండా మునగాలి. ఒక ఆదివారం బాబాయి వాళ్ల డాబా మీద కట్టిన సిమెంటు తొట్టిలో మునిగి, తల తుడుచుకుంటూ ఇంటికొచ్చి, ఆ కబురు సంతోషంగా నాన్నకు చెప్పాడు.

మా నాన్న బడిలో చరిత్ర పాఠాలు చెప్పిన మనిషి. ఏ రాజును ఏ తమ్ముడు పొడిచాడో ఆయనకు నోటికొచ్చు. "మన నాయిన ఎత్తుకొని ఇప్పిచ్చింది నీకు సాల్లేదా?" అని అడిగాడు. అప్పుడు తనకు తెలివి లేకుండె అన్నాడు బాబాయి. "ఇప్పుడుందా?" అన్నాడు నాన్న. ఆ తర్వాత ఇద్దరూ గీజరు, మోటరు, ఇస్త్రీ పెట్టె తప్ప మరే సంగతీ మాట్లాడుకోలేదు. పండక్కి ఎవరి గుడికి వాళ్లు పోయేవారు. అమ్మ వండిన కూర గిన్నెలో పెట్టి నా చేత పైకి పంపేది. నాన్న ఆ గిన్నె వంక చూడనట్టు నటించేవాడు. గిన్నెలో ముక్కలు తక్కువైతే మాత్రం, ఎవరికోసమో చెప్పకుండా, ఇంకో గరిటె వేయమనేవాడు.

అరుపుల్లోనే వాళ్లు ఒకరి సంగతి ఒకరు కనిపెట్టుకునేవారు. బాబాయి గొంతు బొంగురుపోతే నాన్న పేపర్లోంచి తలెత్తకుండా "మిరియాల చారు పెట్టరాదు" అని అమ్మతో అనేవాడు. నాన్నకు హెర్నియా ఆపరేషనై ఆసుపత్రిలో ఉన్నప్పుడు, పైనుంచి వచ్చిన గీజరు అరుపుకు నేను "వేస్కో" అన్నాను.  ఆ పూట బాబాయి గీజరు వేయకుండా చన్నీళ్ల స్నానం చేసి ఆసుపత్రి దాకా పోయాడు. గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడిగి, లోపలికి పోకుండా తిరిగొచ్చాడు. వాచ్‌మన్‌కు ఏం తెలుస్తుందని అడిగాడో నాకిప్పటికీ తెలియదు.

ఇంకో సంగతి. టేబుల్ ఫ్యానుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. అది లాగే కరెంటు ఎంతని. అయినా ఎండాకాలం మధ్యాహ్నాల్లో బాబాయి మెట్ల దగ్గరికొచ్చి "టేబుల్ ఫ్యాన్ వేస్తున్న" అనేవాడు. నాన్న పడక కుర్చీలోంచి, పెద్ద విషయం ఆలోచించినట్టు కాసేపాగి, "వేస్కో" అనేవాడు. ఇద్దరు రిటైరైన మనుషులు, నెత్తిన వెంట్రుకలు లేని వాళ్లు. నాకు నవ్వొచ్చేది, ఒక్కోసారి ఇద్దర్నీ కలిపి గదిలో పెట్టి తాళం వేయాలనిపించేది.

పోయిన ఎండాకాలం నేనొక ఏసీ కొన్నాను. నేను ఇన్సూరెన్స్ ఆఫీసు పని ఇంట్లోంచే చేస్తాను. ఏప్రిల్‌లో మా కింది గది రొట్టెల పొయ్యే. బిగించిన రోజు పద్ధతి ప్రకారం మెట్ల దగ్గరికొచ్చి "ఏసీ వేస్తున్న" అన్నాను. పైనుంచీ లోపలి నుంచీ ఒకేసారి "వేస్కో" అని వినబడింది. ఏసీ ఒకసారి మూలిగి, చల్లటి గాలి వదిలింది. నేను రెండు చేతులూ చాచి దాని కింద నిలబడ్డాను. ఇంతలో మెట్ల వైపు నుంచి రబ్బరు కాలుతున్న వాసన వచ్చింది. పోయి చూస్తే చెక్క పెట్టెలోంచి పొగ.

నాన్న నీళ్ల బకెట్టుతో పరుగెత్తుకొచ్చాడు. మా అమ్మ నర్సు ఉద్యోగం చేసిన మనిషి, పొగకూ రక్తానికీ జంకదు. బకెట్టును పక్కకు తన్ని, వంటింట్లోంచి తెచ్చిన కట్టె తెడ్డుతో మెయిన్ స్విచ్చి పిడిని కిందికి కొట్టింది. "దాని మీద నీళ్లు పోస్తే నీకు సుత రెండో బాప్తిస్మం అయితుండె" అంది. మెట్ల మీద నుంచి చూస్తున్న బాబాయి నవ్వాపుకోలేక పైకి పోయాడు.

మా వీధంతా ఉస్తాద్ అని పిలిచే ఎలక్ట్రీషియన్ సాయంత్రానికి స్కూటర్ మీద వచ్చాడు. ఆయనకు తన పని మీదున్న గౌరవం ఇంకెవరి మీదా లేదు. తన కన్నా ముందు చేసినవాడి పని చూసి నాలుక చప్పరించకుండా స్క్రూడ్రైవరు తీయడు. మా పెట్టె తెరిచి, తీగ మీద వేలు పెట్టగానే దాని తొడుగు బిస్కట్ లాగా రాలింది. తర్వాత పింగాణీ ఫ్యూజు ఊడబెరికి, వెలుతురులో పట్టుకుని, చాలాసేపు చూశాడు. ఫ్యూజులో వెంట్రుకంత సన్నటి తీగ ఉండాలి. మాదాంట్లో మడతలు మడతలుగా, తాడు పేనినట్టు రాగి తీగ చుట్టి ఉంది. రెండు రకాల తీగ, రెండు రకాల ముడి. ఇది ఫ్యూజు కాదని, మేకు కొట్టినట్టుందని, ఇల్లు కాలినా ఇది మాత్రం ఎగరదని చెప్పాడు.

"ఎవరు చుట్టిండ్రు దీన్ని?" అని అడిగాడు.

నాన్న జామచెట్టు వైపు చూశాడు. మెట్ల మీద బాబాయి గోళ్లు చూసుకుంటున్నాడు. అప్పుడు నాకు అర్థమైంది. ఫ్యూజు ఎగరడం నేను డిగ్రీ అయిపోయాక చూసిందే లేదు. ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చి, తలా ఒక మందం తీగ చుట్టి పోయారు. చుట్టినవాడికి అది ఎగరదని తెలుసు. తెలిసి కూడా రోజూ మెట్ల దగ్గరికొచ్చి, ఇద్దరూ గొంతు చించుకుని అరుచుకున్నారు. నాకు కోపం వచ్చింది. ఇంతమందిమి పడుకునే ఇల్లు, దాన్ని అగ్గిపెట్టె చేసిపెట్టి, వీళ్లు దాని మీద కూర్చొని నాటకమాడుతున్నారు. ఆ కోపంలోనే అక్కడికక్కడ చెప్పేశాను. స్తంభం నుంచి కొత్తగా త్రీ ఫేజ్ సర్వీసు తీసుకుందాం, ఇంట్లో వైర్లన్నీ మార్పిద్దాం, పైకొక మీటరు కిందికొక మీటరు పెట్టిద్దాం, ఇంక ఎవరూ ఎవర్నీ అడిగే పని లేదు. ఉస్తాద్ సంతోషంగా తల ఊపాడు.

వంటింట్లో అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"వైర్లు మార్పియ్యి, వద్దంటలేను. మీటర్లు మాత్రం ఏరు పెట్టకు బిడ్డా. వాళ్లకు ఉన్నయే ఆ రెండు మాటలు. అవి సుత పోతే ఒకడు పోయిండంటే ఇంకొకనికి పేపర్ల చూసి తెలుస్తది."

ఇల్లు కాలిపోతే పేపర్లో అందరం కలిసే పడతాం అన్నాను. అమ్మ అది కూడా నిజమేనంది. మీటరు ఒకటైనా రెండైనా ఒకటే తల్లీ, త్రీ ఫేజు వచ్చినంక అన్నీ కలిపి వేసినా చలించదు, అరిచే అక్కర ఎట్లాగూ ఉండదని ఉస్తాద్ గుమ్మంలోంచి అందుకున్నాడు. అమ్మ ఆయన వైపు చూసిన చూపుకు ఆయన స్కూటర్ తాళం వెతుక్కున్నాడు.

కరెంటాఫీసు పని నడిచినన్నాళ్లు నడిచింది. ఆ తర్వాత ఉస్తాద్ ఇల్లంతా పీకాడు. గోడల మీద చెక్క పట్టీలు, వాటి మీద రేకు బిళ్లలతో అతికిన పాత వైర్లు అన్నీ ఊడివచ్చాయి. గోడల నిండా గాట్లు పడ్డాయి. వెనక పెరట్లో ఎర్తింగ్ కోసం గుంత తవ్వి, రాగి పలక దింపి, దాని చుట్టూ బొగ్గులు, రాళ్ల ఉప్పు పోశాడు. ఉప్పు ఎందుకని నాన్న అడిగితే, భూమికి రుచి తెలియాలి గద సాబ్ అన్నాడు. నాన్న చరిత్రలో ఎక్కడెక్కడ ఉప్పు కోసం యుద్ధాలు జరిగాయో ఆయనకు చెప్పుకొచ్చాడు. ఉస్తాద్ వింటూ పని చేయగలడు. ఆయన పని చేస్తూ కూడా మాట్లాడగలడు కాబట్టి, ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతూ ఆ గుంత పూడ్చేశారు. కరెంటు లేని ఆ మధ్యాహ్నాల్లో బాబాయి మెట్ల పైన, నాన్న వరండాలో విసనకర్రలు పట్టుకుని కూర్చునేవారు. అరవడానికి ఇద్దరికీ ఏమీ లేదు. ఒకరి విసనకర్ర చప్పుడు ఇంకొకరికి వినబడుతూనే ఉండేది.

మెట్ల కింద తెల్లటి కొత్త బోర్డు లేచింది. ఎడమ పక్క మాది, కుడి పక్క బాబాయిది. స్తంభం నుంచి లావుపాటి నల్లటి కేబుల్ వచ్చింది. ఇక స్విచ్చి వేయడమే తరువాయి. మా వాళ్లలో స్కూటర్ కొన్నా, బోరు వేసినా, వాషింగ్ మెషీను వచ్చినా ప్రార్థన చేయించందే వాడరు. మా నాన్న మా గుడి అయ్యగారిని పిలిచాడు. బాబాయి తన సంఘంలో వాక్యం చెప్పే బ్రదర్‌ను పిలిచాడు. అన్నదమ్ములకు మాటల్లేవు కాబట్టి ఎవరు ఎవర్ని పిలిచారో రెండోవాళ్లకు తెలియదు. సరిగ్గా ఒకే సాయంత్రం, ఒకే గేటు ముందు, రెండు బండ్లు ఆగాయి. తెల్లటి అంగీ అయ్యగారు, నీలం సూటు బ్రదర్ ఒకరినొకరు చూసుకుని, ప్రైజ్ ద లార్డ్ చెప్పుకుని, నువ్వు ముందంటే నువ్వు ముందన్నారు. ఇద్దరూ ముందే ఉండాలనుకుంటున్నట్టు మొహాల్లో కనబడుతూనే ఉంది.

వయసులో పెద్దవాడని అయ్యగారు మొదలుపెట్టారు. అంతకుముందే ఉస్తాద్‌కు నేను చెప్పి పెట్టాను, ప్రార్థన అయిపోయి ఆమేన్ అనగానే మెయిన్ వేయమని. ఆయన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, స్విచ్చి మీద చేయి పెట్టి కళ్లు మూసుకున్నాడు. మా అయ్యగారి ప్రార్థనలో ఆమేన్ చివర్లో ఒక్కసారే వస్తుంది. బాబాయి సంఘం వాళ్ల అలవాటు అది కాదు. వాళ్లకు మాట నచ్చినప్పుడల్లా మధ్యలోనే ఆమేన్ అంటారు. అయ్యగారు "ఈ ఇంటికి వెలుగు దయచేయుము" అనీ అనకముందే బ్రదర్ గట్టిగా "ఆమేన్" అన్నాడు.

ఉస్తాద్ స్విచ్చి వేశాడు. ఇల్లంతా ఒక్కసారి లేచింది. పైన టీవీలో వంట నూనె ప్రకటన అందుకుంది. మా వంటింట్లో ఖాళీ మిక్సీ గిర్రున తిరిగింది. ఇస్త్రీ పెట్టె లైటు వెలిగింది. నా ఏసీ కూడా కిర్రుమని మొదలైంది. నేను సైగ చేస్తే ఉస్తాద్ ఆపేశాడు. మళ్లీ చీకటి. అయ్యగారు దగ్గి, వదిలిన చోటి నుంచి అందుకున్నారు. బ్రదర్ మళ్లీ ఆమేన్ అన్నాడు. మళ్లీ నూనె ప్రకటన. అలా ఆ దీవెన వెలుగుతూ ఆరుతూ సాగింది. మా దగ్గర ఆమీన్ ఒక్కసారే అంటరమ్మా, మీది నాకు సమజైతలేదని ఉస్తాద్ నా చెవిలో అన్నాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాన్న భుజాలు కదులుతున్నాయి. ఎదురుగా బాబాయి భుజాలూ కదులుతున్నాయి. ఇద్దరూ కళ్లు గట్టిగా మూసుకున్నారు. తెరిస్తే ఒకరికొకరు దొరికిపోతారు. ఆ నవ్వుతో కథ ఒడ్డెక్కుతుందని నేననుకున్నాను. కళ్లు తెరిచేసరికి ఇద్దరూ ఎవరి అతిథికి వాళ్లు టీ అందించడంలో పడ్డారు.

మర్నాటి నుంచి ఇల్లు చప్పగా అయిపోయింది. పైన గీజరు వేసుకుంటున్నారో లేదో, నీళ్లు గొట్టంలో దిగితే తప్ప తెలియదు. మోటరు దానంతటదే ఆన్ అయి దానంతటదే ఆగే ఏర్పాటు ఉస్తాద్ ఉత్సాహంగా చేసి పెట్టాడు. నేను ఏసీ కింద చల్లగా కూర్చుని పని చేసుకుంటుంటే, వరండాలో నాన్న పేపరు ఒకే పేజీ తిరగేస్తూ కనబడేవాడు. ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెట్టేముందు తలెత్తి మెట్ల వైపు చూసి, మళ్లీ దించుకునేవాడు. "పైన దగ్గు వినొస్తుందా?" అని అమ్మను అడిగేవాడు. తలుపులు మూసి ఏసీ వేసుకున్న ఇంట్లో ఏం వినబడుతుంది. నాకు లోపల గుచ్చుకునేది. చేసింది తప్పు కాదు, ఆ తీగలతో ఇంకో ఎండాకాలం గడిస్తే మా ఇల్లు నిలిచేది కాదు. అది తెలిసినా, నాన్న అలా తల దించుకోవడం చూడలేకపోయేదాన్ని. అమ్మ మాత్రం నేను చెప్పలేదా అని ఒక్కసారి కూడా అనలేదు. అంటే కొంచెం తేలికగా ఉండేది.

వానలు పోయి చలి మొదలైంది. ఒక పొద్దున పైన కరెంటు పోయింది. బాబాయి దిగొచ్చి చూస్తే బోర్డులో ఆయన స్విచ్చి కిందికి పడి ఉంది. పైకి లేపి వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు మళ్లీ పడింది. ఆ తర్వాత తరచూ పడటం మొదలైంది. ఎప్పుడు పడినా పొద్దున పూటే, బాబాయి దిగొచ్చేవేళకు నాన్న వరండాలో పేపరుతో కూర్చుని ఉండేవాడు. బాబాయి ఉస్తాద్‌కు ఫోన్ చేశాడు. ఉస్తాద్ వచ్చి వైర్లన్నీ టెస్టరు పెట్టి చూసి, ఏ లోపమూ దొరక్క, అవమానంతో ఎర్రబడ్డాడు. స్విచ్చే మార్చాడు. కొత్తదీ పడింది.

నేను దాన్ని పట్టుకున్నది అనుకోకుండానే. పాల ప్యాకెట్ల కోసం త్వరగా లేచి తలుపు తీస్తే, మంకీ టోపీ పెట్టుకున్న మా నాన్న మెట్ల కింద వంగి, వీపు గోక్కునే కర్రతో కుడి పక్క స్విచ్చిని కిందికి లాగుతున్నాడు. ఏం చేస్తున్నావని అడిగాను. దుమ్ము దులుపుతున్నానన్నాడు. పోయి కుర్చీలో కూర్చుని పేపరు విప్పాడు. అది నిన్నటి పేపరు, ఈ రోజుది ఇంకా రాలేదు. నేను అమ్మకు చెప్తే, ఆ కర్ర తానే తీసి తలుపు పక్కన పెట్టి ఉంచుతున్నానంది. వంగితే ఆయన మోకాళ్లు పట్టేస్తాయట.

లోపం దొరకని చోట ఉస్తాద్ దేవుడి మీద వేశాడు. ఇది నా చేతుల లేదు సాబ్, ఏదో ఉంది, మీ పెద్దాయన్ని పిలిచి దువా చేయించుకోండ్రి అన్నాడు. బాబాయి మళ్లీ బ్రదర్‌ను తీసుకొచ్చాడు. బ్రదర్ బోర్డు మీద చేయి పెట్టి, ఈ ఇంట్లో చాటుగా పనిచేస్తున్న దుష్టశక్తిని బయటికి రమ్మని గొంతెత్తి ఆజ్ఞాపించాడు. దుష్టశక్తి ఆ పక్కనే పడక కుర్చీలో కాలు మీద కాలేసుకుని, నిమ్మకు నీరెత్తినట్టు క్రికెట్ వార్త చదువుకుంటోంది. ప్రార్థన అయ్యాక బ్రదర్‌కు తనే మంచినీళ్లు కూడా ఇచ్చింది. రెండు రోజులు స్విచ్చి పడలేదు. ఇది దేవుడు చేసిన మేలని బాబాయి సంఘంలో దాని మీద సాక్ష్యం కూడా చెప్పాడట. తర్వాత మళ్లీ పడింది.

ఆ రోజు చలి బాగా ఉంది. నేను వరండాలో పళ్లు తోముకుంటున్నాను. నాన్న కర్ర పట్టుకుని మెట్ల కిందికి పోయాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను. స్విచ్చి పడిన చప్పుడు, ఆ వెంటనే పైన ఏదో చెంబు పడిన చప్పుడు, తలుపు తెరుచుకున్న చప్పుడు వినబడ్డాయి. ఎప్పటిలా తీరిగ్గా కాదు, ధబధబా మెట్లు దిగొస్తున్నాడు బాబాయి. నాన్న వెనక్కి తిరగడానికి మోకాళ్లు సహకరించలేదు.

బాబాయి నడుముకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. నెత్తి నుంచి భుజాల దాకా సబ్బు నురగ, ఒక కన్ను మూసుకుపోయింది. తెరిచి ఉన్న కంటితో కర్రనూ, స్విచ్చినీ, మంకీ టోపీనీ చూశాడు. దుష్టశక్తి దొరికిపోయింది. నేను నోట్లో బ్రష్షుతో అట్లాగే నిలబడిపోయాను. ఇప్పుడు ఉన్న ఆ కాస్త మర్యాద కూడా పోతుంది, బాబాయి ఇల్లు ఖాళీ చేసి ఆ రావు నగర్‌కే పోతాడు అనుకున్నాను. నిజంగా భయపడ్డాను.

"ఆపితే ఆపినవ్ గని, నేను తానం చేసేదాకన్న ఆగరాదె అన్నా?" అన్నాడు బాబాయి.

నాన్న కర్రను గోడకు ఆనించాడు. పేపరు లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక టోపీ సర్దుకున్నాడు.

"నువ్వెప్పుడు చేస్తవో నాకెట్ల తెలుస్తది?" అన్నాడు. "ఇప్పుడు చెప్తలేవు గద."

మా నాన్న గొంతులో అంత నిష్ఠూరం నేనెన్నడూ వినలేదు. బడిలో పిల్లల్ని వణికించిన మనిషి. బాబాయి కంట్లోకి జారుతున్న సబ్బును మణికట్టుతో తుడుచుకుని, కింది మెట్టు మీద కూర్చున్నాడు. చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి. చెప్పనీకి ఏముందన్నా, ఇప్పుడు కరెంటు మస్తుగుంది అన్నాడు చివరికి.

"నేను కరెంటు అడుగుతలేను" అన్నాడు నాన్న.

నోట్లో నురగతోనే నాకు ఏడుపొచ్చేసింది. అమ్మ ఎప్పుడొచ్చిందో నా వెనక నిలబడి ఉంది, చేతిలో పిండి అట్లాగే ఉంది. నాన్న తన మీది శాలువా తీసి, కిందా మీదా చూడకుండా, ఆ సబ్బు భుజాల మీదే కప్పాడు. కర్ర వాడకుండా మోకాళ్లు వంచి స్విచ్చి పైకి లేపాడు. పో, నీళ్లు కాగంగనే చేసి రా, సలికి సస్తవ్ అన్నాడు.

"కాగనియ్యి, ఏం తొందర" అని బాబాయి అక్కడే కూర్చున్నాడు.